గదకూ కథకూ ఒకే రాత

బొమ్మల కథ అనగానే పిల్లల వ్యవహారమని పక్కన పెట్టే అలవాటు మనకింకా పోలేదు. అమెరికాలో 2021లో మొదలైన 'ఇన్విన్సిబుల్' పెద్దల కోసమే తీసిన మహావీరుని బొమ్మల ధారావాహిక. మన దేశంలో అదే ఏడాది జనవరి 29న, అప్పటి డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో 'ది లెజెండ్ ఆఫ్ హనుమాన్' వచ్చింది. శరద్ దేవరాజన్, జీవన్ కాంగ్, చారువి అగర్వాల్ దీని రూపకర్తలు. తెలుగు, తమిళం సహా ఏడు భాషలలో విడుదల చేశారు.

మొదటి భాగం నాకు రుచించలేదు. వాలిసుగ్రీవుల తగవు సాగి సాగి, హనుమంతుడు తన కథలోనే పక్కకు జరిగినట్లు తోచింది. వ్యాఖ్యానమూ ఎక్కువే. ఆగస్టులో వచ్చిన రెండవ భాగం అలా కాదు. శాపవశాన మరచిన బలం గుర్తుకు వచ్చినవాడు సముద్రం దాటి లంకకు పోతాడు. అక్కడ ఒంటరి. బలముండీ అణచుకోవలసిన సంకటం. వీరగాథకు యుద్ధంకంటె ఈ సంకటమే ప్రాణం. కథ మెరుగుపడింది అక్కడే.

నేను తిరుపత్తూరులో న్యాయవాదిని. ఈ రెండవ భాగాన్ని గుడియాత్తంలో చెల్లెలి ఇంట మరోసారి చూశాను. నాలుగవ తరగతి చదివే మేనల్లుడు అలవాటుగా తమిళంలో పెట్టాడు. "మన మాటలో పెట్టరా" అన్నది మా అమ్మ. మీట నొక్కగానే తెలుగు వచ్చింది. వాడు నచ్చిన మాటలు నోటు పుస్తకంలో రాసికొన్నాడు, తమిళ లిపిలో. వాడికి వచ్చినది అదే. క, ఖ, గ, ఘలకు ఆ లిపిలో అక్షరం ఒక్కటే. త, థ, ద, ధలకూ అంతే. అది లోపం కాదు, తమిళానికి సరిపోయిన ఏర్పాటు. కాని హనుమంతుని గద, హనుమంతుని కథ వాడి పుస్తకంలో ఒక్క తీరుగానే ఉన్నాయి. మరునాడు చదవమంటే రెంటినీ "కద" అన్నాడు.

వ్యాపార సంస్థ తెలుగు మీట ఇచ్చింది. గిరాకీ ఉంది గనుక ఇచ్చింది. గిట్టుబాటు కాకుంటే తీసివేయగలదు, అడిగే హక్కు మనకు లేదు. హక్కు ఉన్నది మరొకచోట. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో అమ్మనుడిలో బోధనకు ప్రతి రాష్ట్రమూ తగిన వసతులు కల్పించ ప్రయత్నించవలెనన్నది. ఆ "ప్రయత్నించవలెను" చాటున ప్రభుత్వాలు ఎంతకాలమైనా దాగగలవని మా వృత్తిలో అందరికీ తెలుసు. తమిళనాట 2006 చట్టం తమిళాన్ని 2006-07లో ఒకటవ తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక్కొక్క తరగతికి తప్పనిసరి చేస్తూ పోయింది. తమిళం నేర్వడంపై నాకు పేచీ లేదు. నా బతుకుతెరువే తమిళంలో ఉన్నది. దాని పక్కన తెలుగు అక్షరానికి రోజుకు ఒక గంట చోటు ఎందుకుండరాదన్నదే నా వాదం.

1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క ఒప్పుకొన్నది: బడి మొత్తంలో 40 మందిగాని, ఒక తరగతిలో 10 మందిగాని అడిగితే అమ్మనుడిలో చెప్పే ఉపాధ్యాయుని నియమించాలి. నోటిమాటగా అడిగితే చాలదు. తల్లిదండ్రులందరూ సంతకాలు చేసి అర్జీ ఇవ్వాలి, అందినట్లు నకలుపై ముద్ర వేయించుకోవాలి.

మీ తరగతిలో తెలుగు ఇండ్ల పిల్లలు ఎందరురా అని మేనల్లుణ్ణి అడిగాను. వేళ్లమీద లెక్కపెట్టి ఏడుగురన్నాడు. మిగతా ముగ్గురి కోసం మా చెల్లెలు వాకబు చేస్తున్నది.