కొమ్మ దిగిన కోతి, పుట్ట వదలని గొడుగు

పోయిన నెల మనవడు నన్ను వాల్పారై చూపిస్తానని తీసుకుపోయాడు. ఆళియారు డ్యాము దాటినాక 40 మలుపులు. కడుపులో తిప్పేసింది, అది వేరే సంగతి.

పైన టీ తోట పక్కన ఒక కోతి. ఒళ్లంతా నలుపు, మొహం చుట్టూ బూడిద రంగు జూలు, తోక చివర కుచ్చు. ఇక్కడ సింగవాల్ కురంగు అంటారు. పడమటి కనుమల్లో తప్ప లోకంలో ఇంకే అడవిలోనూ లేదు. కొమ్మ మీంచి కొమ్మకు పోయే జాతి, నేలకు దిగడం తక్కువ. అడవి కొట్టి టీ నాటారు, చెట్ల వరస తెగింది. ఇప్పుడు రోడ్డు దాటుతుంది, రేకుల ఇళ్లెక్కి వంటింట్లో చెయ్యి పెడుతుంది. బండ్ల కింద పడి చస్తున్నాయని రోడ్డుకు పైన చెట్టుకూ చెట్టుకూ గొట్టాలతో వంతెనలు కట్టారు.

దిగి వస్తుంటే ఒకామె పుట్టగొడుగులు అమ్ముతోంది. బజారులో డబ్బాల్లో వచ్చేవి కాదండీ, నిజంగా చెదపుట్ట మీద లేచేవి. చెదలు ఆకూ కట్టే నమిలి పుట్టలో మడి కట్టి ఈ బూజును పెంచుతాయి, దాన్నే తింటాయి. వానలు పడ్డాక అదే గొడుగై పైకొస్తుంది. పుట్ట లేకుండా దీన్ని పండించి అమ్మినవాడు లేడు. (తెలిసినవాళ్లు ఏరినవే తినండి, విషపువి కూడా అట్లాగే ఉంటాయి.)

"ఈ రెంట్లో ఏది గట్టిది తాతా?" అన్నాడు వాడు. కోతే అన్నాను.

రాత్రి నిద్ర పట్టలేదు. మా మిల్లు మూసినప్పుడు నేను రింగ్ ఫ్రేము సైడర్ని. వాచ్‌మన్‌గా చేశాను, తోపుడు బండి తోశాను, ఎట్లాగో బతికాను. కార్డింగులో చేసిన మా అన్న వరసాయన మాత్రం రోజూ పొద్దున 7 కి టిఫిను క్యారియరుతో గేటు దగ్గరికే పోయేవాడు. తాళం చూసి తిరిగొచ్చేవాడు. మూడో ఏడు పోయాడు. చేతకానివాడని అప్పట్లో నేనూ అన్నాను. ఆయనకు రావలసిన గ్రాట్యుటీకి వదిన ఇప్పటికీ తిరుగుతోంది.

కొన్న పుట్టగొడుగుల్లో సగం ఆమె ఇంటికి తీసుకుపోయాను. మిరియాలు, చిన్నుల్లి వేసి వండింది. వచ్చే వాయిదాకు ఆమెతో నేను కూడా పోతున్నాను. ఆ మిల్లు పాత హాజరు కార్డు ఎవరి పెట్టెలోనైనా ఉంటే తీసి పెట్టండి, పనికొస్తుంది.