డిశ్చార్జి అయిన తర్వాత ఎక్కడికి?



ఇల్లు లేనివారికి ఏ సేవలు కావాలో ప్రణాళిక వేయమని కార్పొరేషన్ ఒక స్వచ్ఛంద సంస్థకు డబ్బు ఇస్తే అది సరైన ఖర్చేనా? మన సంఘ కుటుంబాల్లో చాలామంది చెప్పే జవాబు ఒకటే: "కాగితాలు రాయడానికి డబ్బెందుకమ్మా, ఆ డబ్బుతో నలుగురికి దుప్పట్లు కొని పంచవచ్చు కదా." దుప్పట్లు పంచేవారిని నేను తప్పు పట్టడం లేదు. కానీ ఆ మాటతో నేను ఏకీభవించను. ఎందుకో వార్డు వైపు నుండి చెబుతాను.

ఆసుపత్రి నుండి పంపేటప్పుడు మేము చెప్పే జాగ్రత్తలు మీకు తెలిసినవే. రోజు విడిచి రోజు కట్టు మార్పించుకోవాలి. పుండుకు తడి తగలకూడదు. కాలు ఎత్తు మీద పెట్టుకోవాలి. వేళకు తిని మందు వేసుకోవాలి. ఇల్లున్నవారికి ఇవి మామూలు మాటలు. బస్టాండులో పడుకునే మనిషికి వీటిలో ఏది వీలవుతుంది? ఇన్సులిన్‌నే తీసుకోండి. ఫ్రిజ్ లేని ఇళ్లవారికి తడి ఇసుక పోసిన కుండలో పెట్టుకోమని చెబుతాము. ఆ కుండ పెట్టుకోవడానికైనా ఒక మూల కావాలి కదా! క్షయ వ్యాధికి మామూలుగా ఆరు నెలలు మందు మింగాలి. పోషకాహారం కోసం ప్రభుత్వం ఇచ్చే సొమ్మును 2024 నవంబరు నుండి నెలకు 500 నుండి 1000 రూపాయలకు పెంచారు, మంచిదే. అది బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఖాతా లేని మనిషికి అది అందాలంటే ఎవరో ఒకరు వెంటపడి చేయించాలి.

అందుకే పుండు సగం మానిన మనిషి మళ్లీ అదే పుండుతో, ఇంకా పెద్దది చేసుకుని వస్తాడు. కొన్నిసార్లు వేలు తీసేయవలసి వస్తుంది. అది వైద్యంలో లోపం కాదు, పడుకునే చోటు లేకపోవడం.

మన దేశంలో దీనికి ఆదేశాలు లేకపోలేదు. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టర్ చొప్పున, సంవత్సరమంతా, 24 గంటలూ తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద షెల్టర్లు కట్టడానికి, స్వచ్ఛంద సంస్థల చేత నడిపించడానికి నిధులు వచ్చాయి. హైదరాబాదులో ఆ విధంగానే నడిపించారు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల దగ్గర రోగుల సహాయకుల కోసం కూడా కొన్ని ఏర్పాటు చేశారు. చాలా మంచి పని. అయితే సహాయకుడే లేని రోగి మాటేమిటి? పడుకునే హాలు వేరు, కట్టు కట్టించుకుని మూడు వారాలు మంచం మీద ఉండే చోటు వేరు. ఈ తేడా ప్రణాళిక వేసే దశలోనే ఎవరైనా చెప్పాలి. ఆ మిషన్ గడువు 2024 సెప్టెంబరుతో ముగిసింది. పథకం పేరు మారినా ఫుట్‌పాత్ మీది మనిషి మన పట్టణపు మనిషే.

ప్రణాళికతో ఏమి వస్తుందని అడిగేవారికి అమెరికాలోని బోస్టన్ నగరం సంగతి చెబుతాను. అక్కడ 1980లలో రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్, ప్యూ ట్రస్టు కలిసి 19 నగరాలకు ఇల్లు లేనివారి వైద్యం కోసం డబ్బు ఇచ్చాయి. డబ్బు ట్రస్టులదే అయినా, ఊరిలోని వారందరూ కలిసి కూర్చుని ప్రణాళిక తయారు చేయాలన్నది షరతు. బోస్టన్‌లో ఆ కూటమిలో నర్సులతో పాటు ఇల్లు లేనివారు కూడా ఉన్నారు. ఎప్పుడో వచ్చిపోయే వాలంటీరు డాక్టర్లు వద్దు, నిలకడగా ఉండేవారు కావాలి అన్నారు. ఆసుపత్రి నుండి వచ్చాక కోలుకునే మంచాలు కావాలి అన్నారు. 1985లో ఒక షెల్టర్‌లో 25 మంచాలతో మొదలైంది. 1993లో దానికి ప్రత్యేక భవనం వచ్చింది. దానికి పెట్టిన పేరు ఒక నర్సుది, బార్బరా మెకినిస్. కొత్తగా చేరిన డాక్టర్ జిమ్ ఓకానెల్‌ను స్టెతస్కోపు పక్కన పెట్టించి, ముందు వచ్చినవారి పాదాలు కడగమన్నది ఆమేనట. పాదాలు కడగడం గురించి మన పాఠకులకు నేను వేరే చెప్పనక్కరలేదు. నర్సింగ్ మాట మాత్రం చెబుతాను: పాదం చూస్తే ఆ మనిషి ఎంత నడిచాడో, షుగరు ఉందో లేదో సగం తెలిసిపోతుంది.

కోలుకునే మంచాలు కావాలన్న మాట దుప్పట్లు పంచేటప్పుడు రాలేదు. అందరూ కూర్చుని మాట్లాడినప్పుడు వచ్చింది.

అలాగని సంస్థ చేతిలో చెక్కు పెట్టి ఊరుకోమని నేను అనను. ముందు లెక్క సరిగ్గా ఉండాలి. 2011 జనగణనలో ఇల్లు లేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి లెక్కించారు. దేశమంతటా 17 లక్షల 70 వేలకు పైగా, అందులో పట్టణాల్లో 9 లక్షల 38 వేల మంది తేలారు. ఒక్క రాత్రి లెక్క అది. వేసవిలో ఆరుబయట పడుకునేవారు వానాకాలంలో ఎక్కడో దూరిపోతారు. ఆడవారు భయంతో వెలుతురులో పడుకోరు, లెక్కకు దొరకరు. కాబట్టి రెండు మూడు కాలాల్లో, రాత్రిపూట తిరగాలి. కమిటీలో ఒక నర్సో, ఏఎన్ఎమ్మో ఉండాలి. ఫుట్‌పాత్ మీద బ్రతికినవారు కనీసం ఇద్దరు ఉండాలి, ఫోటో కోసం కాదు. నివేదిక తెలుగులో రాసి మున్సిపల్ ఆఫీసు గోడకు అంటించాలి, ఖర్చు లెక్కతో సహా. ఇంకొక ముఖ్యమైన సంగతి: ప్రణాళిక రాసిన సంస్థకే షెల్టర్ నడిపే కాంట్రాక్టు దానంతట అది దక్కకూడదు. తనకు వీలైనదే అవసరమని రాసుకునే ప్రమాదం మంచి సంస్థలకు కూడా ఉంటుంది. ఆరు నెలల గడువు పెట్టండి, చాలు.

ఇందులో ఆసుపత్రులు ఇవ్వగలిగినది ఒకటి ఉంది. ప్రతి అడ్మిషన్ రిజిస్టరులోనూ చిరునామా గడి ఉంటుంది. అది ఖాళీగా ఉన్నవి, లేదా "బస్టాండు", "రైల్వే స్టేషను" అని రాసినవి ఎన్ని? వారిలో నెలలోపే తిరిగి వచ్చినవారు ఎందరు? పేర్లు బయట పెట్టకుండా ఈ రెండు అంకెలు ఇస్తే చాలు, మంచాలు ఎన్ని కావాలో లెక్క వేయవచ్చు. మీ వార్డు కౌన్సిలరును కలిసినప్పుడు ఈ అంకెలు అడిగారా అని ఒక మాట అడగండి.