రేడియో లైసెన్స్ చేతులు మారింది: పైలట్ కావాలనుకునే బాన్సువాడ పిల్లలకు దీంతో ఏం పని?

2025 జనవరి 1 నుంచి దేశంలో కొత్త విమానయాన చట్టం అమల్లో ఉంది. పేరు భారతీయ వాయుయాన్ అధినియమ్. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం స్థానంలో వచ్చింది. ఈ బిల్లును పార్లమెంట్‌లో నడిపించింది శ్రీకాకుళం ఎంపీ, కేంద్ర మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు. చట్టం పేరు హిందీలో ఎందుకన్న దానిపైనే సభలో, టీవీల్లో ఎక్కువ గొడవ నడిచింది. అందులో ఉన్న ఒక చిన్న మార్పు మాత్రం పెద్దగా ఎవరి కంటా పడలేదు. పైలట్లకు కావాల్సిన రేడియో లైసెన్స్, అదే ఆర్టీఆర్, ఇప్పటిదాకా టెలికాం శాఖ చేతిలో ఉండేది. ఇప్పుడది డీజీసీఏకి వచ్చింది.

బాన్సువాడలో విమానాశ్రయం లేదు. నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి ఎయిర్‌పోర్ట్ మాట ఏళ్లుగా నలుగుతూనే ఉంది. అయినా ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ తీసుకుని పైలట్ అవుతానంటున్న పిల్లలు ఈ ఊళ్లలోనూ ఉన్నారు. ఫీజు ఎంత, లోన్ దొరుకుతుందా అని అడిగే తల్లిదండ్రులు రేడియో గురించి మాత్రం అడగరు. అసలు చాలామంది తడబడేది అక్కడే.

హైదరాబాద్ ఆకాశాన్ని చూస్తే సంగతి అర్థమవుతుంది. బేగంపేటలో శిక్షణ విమానాలు లేస్తాయి. దుండిగల్, హకీంపేటలో వైమానిక దళం పిల్లలు నేర్చుకుంటుంటారు. శంషాబాద్‌లో రాత్రీపగలూ పెద్ద విమానాలు దిగుతుంటాయి. రోడ్డు మీదైతే చౌరస్తాలో ఆగొచ్చు, పైన ఆగడం కుదరదు. అందుకే నియంత్రిత గగనతలంలోకి అడుగు పెట్టకముందే పైలట్ కంట్రోలర్‌ను పిలవాలి. తను ఎవరు, ఎక్కడున్నాడు, ఎంత ఎత్తులో ఉన్నాడు, ఏం కావాలి అన్నది నాలుగు ముక్కల్లో చెప్పాలి. అటు నుంచి 'స్టాండ్‌బై' అని వస్తే ఆగమని అర్థం, రమ్మని కాదు. 'రోజర్' అంటే విన్నాను అని మాత్రమే, సరే అని కాదు. ఎత్తు, రన్‌వే నంబర్ లాంటివి చెప్పినప్పుడు వాటిని మళ్లీ పలికి వినిపించాలి. తప్పుగా విని ఉంటే కంట్రోలర్‌కు అప్పుడే తెలిసిపోతుంది.

ఇదంతా చాదస్తం అనిపించేవాళ్లు 1996 నవంబర్ 12 సాయంత్రాన్ని గుర్తు చేసుకోవాలి. ఢిల్లీ నుంచి దహ్రాన్, జెడ్డాలకు బయలుదేరిన సౌదీ విమానం, ఢిల్లీలో దిగడానికి వస్తున్న కజకిస్తాన్ విమానం హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద ఢీకొన్నాయి. రెండింట్లోనూ 349 మంది పోయారు. సౌదీ విమానంలో పొట్టచేత పట్టుకుని గల్ఫ్‌కు పోతున్నవాళ్లే చాలామంది. బాన్సువాడ, బోధన్, కామారెడ్డి వైపు ఏ గల్లీకి వెళ్లినా అలాంటి ప్రయాణం చేసిన మనిషి ఒకరైనా కనిపిస్తారు కదా. కజక్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర, సౌదీ విమానాన్ని 14,000 దగ్గర ఉండమన్నారు. ఎదురుగా విమానం వస్తోందని కంట్రోలర్ కజక్ సిబ్బందికి చెప్పాడు కూడా. అయినా ఆ విమానం 15,000 దాటి కిందికి దిగిపోయింది. సిబ్బందిలో ఇంగ్లిష్‌లో మాట్లాడే పని రేడియో ఆపరేటర్‌ది, విమానం నడిపేది వేరేవాళ్లు. తప్పంతా భాషదే అనడం కూడా సరికాదు. అప్పట్లో ఢిల్లీకి రాకపోకలకు ఒకటే దారి ఉండేది, రాడార్‌లో విమానం ఎత్తు కనిపించేది కాదు. ఆ తర్వాతే దారులు వేరు చేశారు, విమానాల్లో ఢీకొనే ప్రమాదాన్ని హెచ్చరించే పరికరం తప్పనిసరి చేశారు.

ఇక మన పిల్లల భయం ఇంగ్లిష్. ఉర్దూ మీడియంలోనో తెలుగు మీడియంలోనో చదివినవాళ్లకు గొంతు పెగలదు. అయితే అంతర్జాతీయ నిబంధన అడిగేది దొరల యాస కాదు. ఆరు స్థాయిల్లో నాలుగోది వస్తే చాలు. యాస ఉన్నా ఫర్వాలేదు, అవతలివాడికి అర్థమైతే సరి. నాలుగో స్థాయివాళ్లు మూడేళ్లకోసారి మళ్లీ పరీక్ష రాయాలి, ఆరో స్థాయికి ఆ అవసరం లేదు. హైదరాబాద్ పాతబస్తీలో బేకరీ కార్మికుడి కూతురు సయ్యదా సల్వా ఫాతిమా పైలట్ అయింది. ఆమెకు దాతలు, రాష్ట్ర ప్రభుత్వం డబ్బు సాయం చేశారు. రేడియోలో మాట్లాడటం మాత్రం తనే నేర్చుకోవాల్సి వచ్చింది.

పాత ఆర్టీఆర్ పరీక్ష మీద ఆరోపణలు చాలాకాలం వినిపించాయి. ఒకే శాఖ కిందికి రావడం మంచిదే. కానీ ఆఫీసు మారినంత మాత్రాన కుర్రాళ్ల తిప్పలు తీరవు. పరీక్షలు తరచుగా పెట్టాలి, కేంద్రాలు దగ్గర్లో ఉండాలి, మౌఖిక పరీక్షలో ఎందుకు ఫెయిలయ్యాడో రాతపూర్వకంగా చెప్పాలి. ఒక్కసారి తప్పితే నెలలు పోతాయి. అప్పు తెచ్చి చదివించే ఇంట్లో నెలలంటే వడ్డీ.

కమర్షియల్ లైసెన్స్‌కు 18 ఏళ్లు నిండాలి, 200 గంటలు ఎగరాలి. కాబట్టి తొందరేమీ లేదు. ఫ్లయింగ్ స్కూల్‌కు అడ్వాన్స్ కట్టేముందు డీజీసీఏ అనుమతి జాబితాలో దాని పేరుందో లేదో చూసుకోవాలి, పిల్లాడికి మెడికల్ చేయించాలి. కళ్లో చెవులో పనికిరావని తేలేది ఫీజు కట్టాక కాకూడదు. ఈలోపు రోజూ ఓ అరగంట ఇంగ్లిష్ వార్తలు విని, విన్నది విన్నట్టు పైకి చెప్పించడానికి మాత్రం ఏ ఖర్చూ లేదు.