కరివేపాకు లేదని పొయ్యి ఆర్పేస్తామా?

పులుసు మరుగుతుండగా ఇంట్లో కరివేపాకు లేదని తెలిస్తే, వంట తెలిసినవారెవరూ పొయ్యి ఆర్పేయరు. మన ప్రోగ్రాములు మాత్రం నిత్యం ఆ పనే చేస్తున్నాయి. పైతాన్ భాషలో రాసిన చిన్న స్క్రిప్టును నడపబోతే, పని ఎంతవరకు వచ్చిందో గీత గీసి చూపే టీక్యూడీఎమ్ అనే లైబ్రరీ లేదంటూ మొదటి వరుసలోనే కూలబడుతుంది. అసలు పనికి ఆ గీతతో ఏం సంబంధం?

దీనికి విరుగుడుగా మరో అపచారం పుట్టింది. లైబ్రరీని పిలిచే వరుసను ట్రై, ఎక్సెప్ట్‌ల మధ్య పెట్టి, ఏ దోషం వచ్చినా 'పాస్' అని దాటవేయడం. చూడడానికి మర్యాదే; నిజానికి మోసం. కందిపప్పు లేక పెసరపప్పు ఉడికించి, ఆ సంగతి చెప్పకుండా వడ్డించడం వంటిది.

తెలుగు అక్షరాలను లెక్కించే స్క్రిప్టునే తీసుకోండి. 'రెజెక్స్' అనే అదనపు లైబ్రరీ గుణింతపు గుర్తును హల్లుతో కలిపి ఒక్కటిగా పట్టగలదు. కనుక 'తెలుగు' అన్న మాటకు 3 అని చెబుతుంది. అది లేనప్పుడు స్క్రిప్టు చడీచప్పుడు లేకుండా పైతాన్ సొంత 'లెన్' మీదికి జారుకుంటే, యూనికోడ్ సంకేతాలను విడివిడిగా లెక్కించి 6 అంటుంది. కూలిన స్క్రిప్టు కనీసం కూలానని చెబుతుంది. ఈ తప్పుడు లెక్క మాత్రం ఎవరి వ్యాసంలోకో ఎక్కి, అక్కడ సత్యమై కూర్చుంటుంది.

లేనిది అలంకారమా, కొలబద్దా? ముందు తేల్చుకోవలసింది ఇదే. అలంకారమైతే, ఫలితాలతో కలవకుండా స్టాండర్డ్ ఎర్రర్ దారిన ఒక్క వాక్యం చెప్పి ముందుకు సాగాలి. కొలబద్ద అయితే ఆగిపోవాలి. ఏది లేదో, దాన్ని ఏ ఆదేశంతో తెచ్చుకోవాలో చెప్పి మరీ ఆగాలి.

ఏ దోషాన్ని పట్టుకోవాలన్నదీ ముఖ్యమే. 2016లో వచ్చిన పైతాన్ 3.6 నుంచి 'మాడ్యూల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్' అని ప్రత్యేకంగా ఒకటి ఉంది. దాన్నే పట్టండి. లేనిది మీరు పిలిచిన లైబ్రరీయేనా, లేక దానికి లోపల అవసరమైన మరొకటా అన్నది దాని 'నేమ్' చెబుతుంది. అన్ని దోషాలనూ ఒకే వలలో పడితే, విరిగిపోయిన లైబ్రరీ కూడా లేని లైబ్రరీ లెక్కలోనే జమ అవుతుంది.

'ఐచ్ఛికం' అని రాయడం తేలిక. ఆ లైబ్రరీ లేని చోట తమ స్క్రిప్టును ఒక్కసారైనా నడిపి చూడనివారికి ఆ మాట వాడే హక్కు లేదు.