ఇంగ్లిష్ వాక్యానికి ఇంటి భాష తోడు

మేము ఇంతకుముందు పనిచేసిన ఒక ఊళ్లో ఏడో తరగతి అమ్మాయి సెలవు చీటీలో ‘ఫీవర్ కేమ్ టు మీ’ అని రాసింది. నాన్నగారి బదిలీ వల్ల సంవత్సరం మధ్యలో చేరిన తెలుగు పిల్ల. చీటీ చదివి వినిపించగానే తరగతి అంతా నవ్వింది. ఆ తర్వాత చాలా రోజులు ఆ పిల్ల ఇంగ్లిష్‌లో నోరు విప్పలేదు. వాళ్ల అమ్మగారికి అందరూ ఒకటే సలహా ఇచ్చారు: ‘ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్ మాట్లాడండి.’ ఆ సలహా ఇచ్చినవాళ్లలో మేమూ ఉన్నాం. అది తప్పని ఒప్పుకోవడానికే ఈ వ్యాసం.

ఆ అమ్మాయి వాక్యం వెనుక ‘నాకు జ్వరం వచ్చింది’ అనే చక్కని తెలుగు వాక్యం ఉంది. జ్వరం మనం చేసే పని కాదు, అది మనకు వస్తుంది. ఆకలీ అంతే, నిద్రా అంతే. అందుకే అక్కడ ‘నేను’ అనం, ‘నాకు’ అంటాం. హిందీలోనూ ‘ముఝే బుఖార్ హై’ అంటారు. ఇంగ్లిష్‌లో మాత్రం మనిషే ముందు నిలబడాలి: ‘ఐ హ్యావ్ ఏ ఫీవర్’, ‘ఐ యామ్ హంగ్రీ’. ‘నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు’ అనేది కూడా ‘ఐ హ్యావ్ టూ బ్రదర్స్’ అవుతుంది. ‘ఐ యామ్ హ్యావింగ్’ అనకూడదు. అన్నలు ఉండటం ఇప్పుడు జరుగుతున్న పని కాదు కదా! ఈ తేడా చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ రోజు మేము ఆ అయిదు నిమిషాలు కేటాయించలేదు.

ఇంగ్లిష్ వ్యాకరణ పుస్తకాలు సాధారణంగా అయిదు వాక్య నమూనాలు చూపిస్తాయి. వాటిని మన ఇంటి భాష పక్కన పెట్టి చూద్దాం.

మొదటిది కర్త, క్రియ. ‘ది రివర్ ఫ్లోస్’, నది ప్రవహిస్తుంది. ఇక్కడ పేచీ లేదు.

రెండోది కర్త, క్రియ, కర్మ. దల్మా కొండల్లో ఏనుగు కుక్కను తరిమిందనుకోండి. ‘ది ఎలిఫెంట్ చేజ్డ్ ది డాగ్.’ తెలుగులో ‘కుక్కను ఏనుగు తరిమింది’ అని తిప్పి చెప్పినా పరుగెత్తేది కుక్కే. ‘కుక్కను’లోని ‘ను’ ఆ సంగతి చెప్పేస్తుంది. ఇంగ్లిష్‌లో అలాంటి ‘ను’ లేదు. మాటలు చోటు మారితే కుక్కే ఏనుగును తరిమినట్టవుతుంది. అందుకే ఆ భాషకు వరుస అంటే అంత పట్టింపు.

మూడోది ‘హి ఈజ్ ఏ టీచర్’ వంటిది. తెలుగులో ‘ఆయన టీచరు’ అంటే సరిపోతుంది, క్రియే అక్కర్లేదు. బెంగాలీలోనూ అంతే. అందుకే ఈ పిల్లలు ‘ఈజ్’ వదిలేస్తుంటారు. హిందీలో ‘హై’ ఉంది కనుక హిందీ పిల్లలకు ఈ చిక్కు తక్కువ. అయితే హిందీ మధ్య పెరిగిన మన పిల్లలు ఆ ‘హై’ని తెలుగులోకి తెచ్చి ‘ఆయన టీచరు ఉన్నారు’ అంటున్నారు. అంటే ఒక భాష పద్ధతి మరో భాషలోకి రావడం ఇంగ్లిష్‌లోనే కాదు, తెలుగులోనూ జరుగుతోంది.

నాలుగోదానిలో కర్మలు రెండు. ‘మదర్ గేవ్ మీ ఏ పెన్’, అమ్మ నాకు పెన్ను ఇచ్చింది. ‘నాకు’లోని ‘కు’ను గుర్తుపెట్టుకుని పిల్లలు ‘గేవ్ టు మీ ఏ పెన్’ అని రాస్తారు. ‘టు’ కావాలంటే పెన్ను ముందుకు రావాలి: ‘గేవ్ ఏ పెన్ టు మీ’.

అయిదోదానికి మన ఊరి చరిత్రే ఉదాహరణ. జంషెట్జీ టాటా జ్ఞాపకార్థం 1919లో వైస్రాయ్ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. ఇంగ్లిష్‌లో ‘చెమ్స్‌ఫర్డ్ నేమ్డ్ సాక్చి జంషెడ్‌పూర్’. మన ‘కి’ లేదు, ‘అని’ లేదు. రెండు పేర్లూ పక్కపక్కన పెడితే చాలు.

ఇలా పోల్చి చూస్తే తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకే తెలుస్తుంది. తెలిసిన తప్పును దిద్దుకోవడం తేలిక. ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు కర్మాగారం పనికి వచ్చిన కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న ఊరు ఇది. మన తరగతుల్లో తెలుగు, హిందీ, బెంగాలీ, ఒడియా, సంతాలీ పిల్లలు కలిసి కూర్చుంటారు. ఈ అయిదు భాషల్లోనూ క్రియ మామూలుగా వాక్యం చివరే వస్తుంది. ఇంగ్లిష్‌లో అది మధ్యకు వస్తుంది. కాబట్టి ఆ వరుస అందరికీ కొత్తే. ఎవరూ ఎవరినీ చూసి నవ్వాల్సిన పని లేదు.

మరో ముచ్చట. తెలుగులో ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. ఇంగ్లిష్ ‘వి’లో, హిందీ ‘హమ్’లో ఆ తేడా లేదు. సంతాలీలో ఉంది: ‘ఆలె’ అంటే మేము, ‘ఆబొ’ అంటే మనం. మన తెలుగు పిల్లలూ పక్క బెంచీలోని సంతాలీ పిల్లలూ ఈ సంగతి ఎప్పుడైనా మాట్లాడుకున్నారా?

‘ఇన్ని భాషలు ఉపాధ్యాయులకు ఎలా వస్తాయి?’ అని అడగవచ్చు. రానక్కర్లేదు. ‘మీ ఇంట్లో దీన్ని ఎలా అంటారు?’ అని పిల్లలను అడిగితే చాలు, వాళ్లే చెబుతారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనచోట కనీసం అయిదో తరగతి వరకు ఇంటి భాషలో బోధించమంటోంది. మనలాంటి బడిలో అది పూర్తిగా కుదరకపోవచ్చు. ఈ ఒక్క ప్రశ్న మాత్రం ప్రతి పీరియడ్‌లోనూ కుదురుతుంది.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఇంట్లో తెలుగు మానకండి. బడిలో ఇంగ్లిష్ నేర్పే బాధ్యత మాది.

పిల్లలూ, మరో రెండు మూడేళ్లలో మీకూ మాకూ మళ్లీ బదిలీలు వస్తాయి. కొత్త తరగతిలో మీ వాక్యం విని ఎవరైనా నవ్వితే మాట్లాడటం ఆపకండి. ‘మా భాషలో ఇలా అంటాం, ఇంగ్లిష్‌లో ఎలా అనాలి?’ అని టీచరును అడగండి. ఆ ఏడో తరగతి అమ్మాయి అలా అడగగలిగే వాతావరణం మేము కల్పించలేకపోయాం. ఆ లోటు మీ దగ్గర ఉండకూడదు.