ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదు

సాయంత్రం ఆరున్నర. పొయ్యి మీద చారు మరుగుతోంది. అంతలో టింగుమని ఫోను మోగింది. మా అమ్మాయి స్కూలు నుంచి మెసేజి. ఆరో తరగతి, లెక్కలు, ఆన్‌లైన్ క్విజ్. పదికి నాలుగు.

దాని వెనకే తల్లుల వాట్సాప్ గ్రూపులో మరొకటి. ఎవరో ఒకావిడ వాళ్లబ్బాయికి పదికి పది వచ్చిన ఫొటో పెట్టారు. కింద పూలు, చప్పట్లు, అభినందనలు. నేనూ ఓ పువ్వు పెట్టాను. పెట్టేసి, గరిటె పక్కన పడేసి, పిల్ల మీద విరుచుకుపడ్డాను. "నాలుగేమిటే? పొద్దస్తమానం బొమ్మలు గీసుకుంటూ కూచుంటే నాలుగు కాక ఇంకేమొస్తాయి?" అది ఏడవలేదు. ఎదురు చెప్పలేదు. నోటుపుస్తకం మూసేసి గోడవైపు తిరిగి పడుకుంది. ఈలోగా చారు పొంగి పొయ్యి ఆరిపోయింది.

ఇలాంటి సాయంత్రం మీ ఇంట్లో ఎప్పుడూ రాలేదంటే మీరు అదృష్టవంతులే!

ఆ శనివారం మా ఆడపడుచు వచ్చింది. పల్లెటూరి జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు. కాఫీ తాగుతూ నా మొరంతా విని, ఫోను తీసుకుని అటూ ఇటూ నొక్కి చూసి, "మార్కు చూశావు సరే వదినా, ఏవి తప్పాయో చూశావా?" అంది.

చూడలేదు. చూడవచ్చని కూడా నాకు తెలీదు.

తప్పయినవి ఆరు. అందులో అయిదు ఒకే రకం. 0.5, 0.35 – వీటిలో ఏది పెద్దది? మా అమ్మాయి 0.35 అని పెట్టింది. 0.7, 0.62 ఇస్తే 0.62 అంది. "దీని దృష్టిలో ముప్ఫై అయిదు, అయిదు కన్నా పెద్దది. చుక్క పక్కనున్న అంకెల్ని కూడా మామూలు సంఖ్యలాగే చదివేస్తోంది. బద్ధకం కాదు వదినా ఇది. ఈ వయసులో చాలామంది పిల్లలకుండే తికమకే. అయిదు తప్పులు చెయ్యలేదది. ఒక్క తప్పే అయిదుసార్లు చేసింది" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆ ఒక్క తప్పేమిటో తెలుసుకోకుండా నేను పిల్ల బుద్ధినీ, బొమ్మల్నీ, పెంపకాన్నీ అన్నింటినీ తిట్టిపోశాను! ఆ సాయంత్రం వంటింట్లో చింతపండుతో కాటా ముందు కూచున్నాం. 0.5 కిలో అంటే 500 గ్రాములు. 0.35 కిలో అంటే 350. ఏ కుప్ప పెద్దది? పది నిమిషాలు పట్టిందేమో. "అయితే ముందు చుక్క పక్కనున్న మొదటి అంకె చూడాలన్నమాట" అని అదే చెప్పింది.

అప్పట్నుంచీ ఈ ఆన్‌లైన్ పరీక్షల గురించి నాలో నేనే తర్కించుకుంటున్నాను. డిగ్రీ చదివి, ఇంటిపట్టున ఉండి, అడపాదడపా కథలు రాసుకునేదాన్ని. పాఠాలు చెప్పిన అనుభవం లేదు. కానీ తల్లిగా నాకు తోచిన నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను.

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. నిజమే. కుండలో మెతుకులన్నీ ఒకే బియ్యం, ఒకే నీరు, ఒకే మంట. మరి తరగతి గది? ఒకడికి ఇంట్లో చెప్పే తండ్రి ఉంటాడు. ఒకతి తమ్ముణ్ణి చంకనేసుకుని వస్తుంది. ఒకడికి బోర్డు మీద రాసింది కనిపించదు, ఆ మాట పైకి చెప్పడు. టీచరు ముందు వరుస పిల్లను లేపి అడుగుతుంది. అది టకటకా చెప్పేస్తుంది. "అర్థమైందా?" అంటే నలభై గొంతులూ కలిసి "అర్థమైందండీ!" అంటాయి. మన చిన్నప్పుడు మనమూ అన్నాం కదూ? అర్థంకానిది పరీక్షలో గానీ బయటపడదు. అప్పటికి పాఠం దాటిపోయి ఉంటుంది. అన్నం విస్తట్లో వడ్డించాక పలుకుందని తెలిస్తే ఏం చేస్తాం?

పొయ్యి మీద ఉండగానే ప్రతి మెతుకునూ చూడగలగాలి. 1998లో పాల్ బ్లాక్, డిలన్ విలియం అనే ఇద్దరు బ్రిటిష్ విద్యావేత్తలు ఈ మాటే గట్టిగా చెప్పారు. చదువు సాగుతుండగానే పిల్లవాడి మనసులో ఏముందో కనిపెట్టి, దాన్నిబట్టి బోధన మార్చుకుంటే చదువు బాగుపడుతుందని వాళ్ల వాదన. ఇంగ్లీషులో 'ఫార్మెటివ్ అసెస్‌మెంట్' అంటారు. మన పిల్లల నోట ఎఫ్‌ఏ వన్, ఎఫ్‌ఏ టూ అని వినిపించేవి అవే. పేరు వచ్చింది గానీ, అసలు సంగతి ఎక్కడో జారిపోయి, అవీ మార్కుల పరీక్షలైపోయాయి.

నలభై మందినీ రోజూ విడివిడిగా చూడటం ఒక టీచరమ్మ వల్ల అయ్యే పనేనా? పేపర్లు దిద్ది, ఎవరెవరు ఎక్కడెక్కడ తప్పారో లెక్క తీసేసరికి తెల్లారుతుంది. పైసా ఖర్చులేని ఈ ఆన్‌లైన్ సాధనాలు ఇక్కడే అక్కరకొస్తాయి.

మా ఆడపడుచు చేసే పద్ధతి చెబుతాను. గూగుల్ ఫారమ్స్‌లో అయిదారు ప్రశ్నలు రాస్తుంది. ఒక్కోదానికి నాలుగు జవాబులు. తప్పు జవాబులు ఊరికే పడెయ్యదు, పిల్లలు ఎలా పొరబడతారో ఊహించి పెడుతుంది. అందులోనే ఉంది కిటుకంతా! 0.35 అని పెట్టినవాడిది ఒక పొరపాటు, రెండూ సమానమన్నవాడిది ఇంకొకటి. పిల్లలు రాశాక ఏ ప్రశ్నకు ఎంతమంది ఏ జవాబు పెట్టారో బొమ్మకట్టి చూపిస్తుంది ఫారమ్. ఎక్కువమంది తప్పిన ప్రశ్నలేవో విడిగా తీసి పెడుతుంది. "సగం మంది ఒకే తప్పు చేశారంటే అది పిల్లల తప్పు కాదు, నేను చెప్పిన తీరులో ఏదో లోపం. మర్నాడు మళ్లీ చెబుతాను" అంటుంది. తప్పింది నలుగురే అయితే ఆ నలుగుర్నీ మధ్యాహ్నం బెల్లు తర్వాత దగ్గర కూచోబెట్టుకుంటుంది.

పాఠాలు సర్దుకోవడానికి 2014లో వచ్చిన గూగుల్ క్లాస్‌రూమ్ ఉంది. బీరువాలో పట్టుచీరలు ఒక అరలో, నేతచీరలు ఒక అరలో పెట్టుకున్నట్టు ఒక్కో పాఠానికీ నోట్సు, వీడియో, ఇంటిపని, ఇవ్వాల్సిన తేదీ వరసగా పెట్టుకోవచ్చు. 2017లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన దీక్షా ఉంది. పాఠ్యపుస్తకంలో ఉండే నలుపుతెలుపు చదరం, అదే క్యూఆర్ కోడ్, ఫోనుకు చూపిస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు వస్తాయి. ఆటలా ప్రశ్నలడగడానికి నార్వేలో పుట్టిన కహూట్ ఉంది. 2015లో మన బెంగళూరులో మొదలైన క్విజిజ్ ఉంది, 2025 నుంచి దాని పేరు వేగ్రౌండ్. కొన్నిట్లో కొంతవరకే ఉచితం, ఆపైన డబ్బు కట్టాలి. బడిలో వారానికి రెండు మూడుసార్లు వాడుకోవడానికి ఉచితంగా దొరికేదే సరిపోతోందంటుంది మా ఆడపడుచు.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ మనం కళ్లు తెరుచుకుని చూడాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, ఫోను ఎవరిది? 2020లో బడులు మూసినప్పుడు చూశాం కదా! ఇంట్లో ఒకటే ఫోను, అదీ తండ్రి జేబులో. ఆయన వచ్చేసరికి రాత్రి తొమ్మిది. వచ్చాక ముందు కొడుక్కి, ఆ తర్వాత కూతురికి. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురు మా మెట్ల మీద కూచుని, మా అమ్మాయి పూర్తి చేసేదాకా ఎదురుచూసి, ఆ ఫోనులోనే పాఠం చూసుకునేది. ఇంటి దగ్గర ఫోనులో రాసిన క్విజ్‌కు మార్కులు వేస్తే, మనం కొలుస్తున్నది పిల్ల తెలివినా, ఇంట్లో ఉన్న ఫోన్లనా?

దీనికీ దారి లేకపోలేదు. ప్లికర్స్ అని ఒకటుంది. పిల్లలకు ఫోన్లక్కర్లేదు. ఒక్కొక్కరికీ ఒక అచ్చు కాగితం, దానిమీద నల్లటి గళ్ల బొమ్మ. నాలుగు అంచుల్లో ఏ, బీ, సీ, డీ అని సన్నటి అక్షరాలు. తనకు తోచిన జవాబు పైకి వచ్చేలా తిప్పి పట్టుకుంటే చాలు. టీచరు తన ఫోను కెమెరాతో గదంతా ఒకసారి చుట్టి చూస్తే ఎవరు ఏ జవాబు పెట్టారో వచ్చేస్తుంది. ఒకరి బొమ్మ ఒకరికుండదు, అక్షరాలు సన్నవి, కాబట్టి పక్కవాడిది చూసి పెట్టడం కష్టం. వెనక బెంచీలో నోరు విప్పని పిల్ల కూడా చెయ్యెత్తి జవాబు చెబుతుంది. "ఆ కాగితం పట్టుకున్నంతసేపూ వాళ్ల ముఖాలు చూడాలి వదినా!" అంటుంది మా ఆడపడుచు.

రెండోది, వేగం. ఆటలాంటి క్విజ్‌లలో త్వరగా నొక్కినవాడికి ఎక్కువ పాయింట్లు. తెర మీద మొదటి ముగ్గురి పేర్లు, బాజాలు. ఆలోచించి జవాబు చెప్పే పిల్ల ఎప్పుడూ అడుగునే! చదువంటే తొక్కుడుబిళ్ల కాదు కదా. చాలావాటిలో గడియారం ఆపేసే వీలూ, వరసల పట్టిక దాచేసే వీలూ ఉన్నాయి. టీచర్లు దయచేసి వాటిని వాడాలి.

మూడోది, నాలుగు జవాబుల్లో ఇమడని చదువు. కథలు రాసేదాన్ని కనక నాకు ఇది మరీ బాధ. 'మా ఊరి చెరువు' గురించి పది వాక్యాలు రాయమంటే ఒక పిల్ల చెరువులో మునిగిపోయిన గేదెదూడ గురించి రాస్తుంది. దాన్ని ఏ ఫారమ్ దిద్దుతుంది? అది టీచరు చదవాలి. ఎర్ర ఇంకుతో పక్కన ఒక మాట రాయాలి. యంత్రం మిగిల్చిన టైము అలాంటి చదువుకు దక్కాలి. ఆ టైమంతా రాత్రి పదింటికి తల్లిదండ్రుల మెసేజీలకు బదులివ్వడంలో పోతే ఏం లాభం? టీచరమ్మా మనలాంటి ఇల్లాలే. ఆమెకూ అంట్లుంటాయి, అత్తగారి మందులుంటాయి.

నాలుగోది, ఉచితమంటే దానమేం కాదు. పిల్లల పూర్తి పేరు, పుట్టినరోజు, ఫొటో, ఫోను నంబరు అడిగినదల్లా ఇచ్చెయ్యకూడదు. చాలాచోట్ల రోల్ నంబరు చాలు. 2023లో మన దేశంలో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. అడగడానికి మొహమాటపడకండి. ఇంకొకటి, అరువు తెచ్చుకున్న నగ ఎప్పటికైనా తిరిగి ఇవ్వాల్సిందే. టీచర్లు ఎంతో ఇష్టంగా వాడిన ఎడ్‌మోడో 2022 సెప్టెంబరులో మూతపడింది. గూగుల్ వాళ్ల జామ్‌బోర్డ్ 2024 చివరికల్లా పోయింది. అందుకే మా ఆడపడుచు మంచి ప్రశ్నలన్నీ ఒక పొడుగాటి నోటుపుస్తకంలో కూడా రాసి పెట్టుకుంటుంది. కరెంటు పోయినా ఆ పుస్తకం ఉంటుంది.

వీటన్నిటి కన్నా పెద్ద మాట మనకు, తల్లులకు సంబంధించింది. టీచరు చేతిలో ఆ నాలుగు మార్కులు ఒక ఆచూకీ. 'ఇక్కడ మళ్లీ చెప్పాలి' అన్న గుర్తు. అదే అంకె ఒంటరిగా మన ఫోనులోకి వచ్చేసరికి తీర్పు అయిపోతోంది. గ్రూపులోకి వెళ్లేసరికి పోటీ అవుతోంది. మన నోట తిట్టు అవుతోంది. సాధనంలో దోషం లేదు. కొలిచేది పిల్లకు సాయం చెయ్యడానికా, పక్కింటివాళ్లకు చూపించడానికా అన్న దగ్గరే తేడా అంతా.

పోయిన నెలలో నేనొక పని చేశాను. ఆ తల్లుల గ్రూపులోనే టీచరుగారికి మర్యాదగా రాశాను. "మార్కుతో పాటు ఏ ప్రశ్నలు తప్పాయో కూడా మాకు పంపించగలరా? ఎవరి పిల్లలవి వాళ్లకే." గ్రూపంతా నిశ్శబ్దం. పువ్వు లేదు, చప్పట్లు లేవు. మావారు "ఎందుకొచ్చిన గొడవ నీకు?" అన్నారు. రాత్రి తొమ్మిదింటికి మటుకు ముగ్గురు ఫోన్ చేశారు. అందులో ఒకావిడ పదికి పది ఫొటో పెట్టినావిడే. వాళ్లబ్బాయికి ఆ వారం మూడు వచ్చాయట, రాత్రి అన్నం తినలేదట. "ఏవి తప్పాయో ఎలా చూడాలండీ?" అని అడిగారావిడ.

చూపించాను. ఇద్దరం ఫోనులో వెతికితే ఆ పిల్లాడిదీ ఒక్క తప్పే దొరికింది.

ఈ పూట మీ పిల్లలు బడి నుంచి రాగానే "ఎన్నొచ్చాయి?" అని అడక్కండి. "ఏది అర్థం కాలేదు?" అని అడిగి చూడండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. నాకు రెండు రోజులు పట్టింది. మూడో రోజు మా అమ్మాయి తనే పుస్తకం పట్టుకొచ్చి వంటింటి గట్టు మీద కూచుంది. "అమ్మా, కాటా తియ్యవా" అంది.