కువైట్‌కు అడగని ప్రశ్న నార్వేకు ఎందుకు?



మా ఖాందాన్‌లో బీటెక్ చదివే ఓ అమ్మాయి వచ్చే వేసవిలో రెండు నెలలు నార్వే వెళ్లి ప్రాజెక్ట్ చేస్తానంటోంది. ఊరి పేరు గ్రిమ్‌స్టాడ్. దక్షిణ తీరంలో సముద్రాన్ని ఆనుకున్న చిన్న పట్టణం. తెల్ల రంగు వేసిన చెక్క ఇళ్లు, పాతిక వేలకు అటూఇటూ జనాభా. అగ్డర్ యూనివర్సిటీ వాళ్ల ఇంజనీరింగ్ క్యాంపస్ ఉన్నది అక్కడే.

మాట బయటికి పొక్కగానే ఫుప్పూలు, ఖాలాలు, చాచాలు అందరూ మొదలుపెట్టారు. మహ్రమ్ ఎవరు? హలాల్ ఎక్కడ దొరుకుతుంది? నమాజ్ సంగతేంటి? రేపు రిష్తా వచ్చినప్పుడు ఏం చెప్తాం?

ఈ ఫికర్ అంతా ఫాల్తూ అని నేననను. కానీ కొత్తపేటలో కూర్చుని ఈ మాటలు వింటుంటే నాకొకటి గుచ్చుకుంటోంది. మన కోనసీమకు పర్దేస్ కొత్తా? అమలాపురం, రాజోలు, కొత్తపేట, ఎటు చూసినా గల్ఫ్ సొమ్ముతో లేచిన డాబాలు కనిపిస్తాయి. ఆ సొమ్ములో ఆడవాళ్ల చెమట తక్కువేం కాదు. కువైట్‌లో, మస్కట్‌లో పరాయి ఇంట్లో ఖద్దామాగా ఏళ్ల తరబడి చేశారు. వీసా కఫీల్ చేతిలో, చాలామందికి పాస్‌పోర్ట్ కూడా కఫీల్ చేతిలోనే. ఈసీఆర్ పాస్‌పోర్ట్ మీద ఇంటిపనికి గల్ఫ్ వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలని మన హుకూమత్ షరతు పెట్టిందంటేనే అక్కడ ఖత్రా ఎంతో అర్థం చేసుకోవచ్చు. ఆ తల్లులు విమానం ఎక్కిన రోజున మహ్రమ్ ఎవరని మనలో ఎవరడిగారు? మజ్బూరీ అన్నాం. మజ్బూరీ నిజమే, వాళ్లను ఒక్క మాట అనే హక్కు ఎవరికీ లేదు. వాళ్లు పంపిన దీనార్లతోనే ఇళ్లు లేచాయి, నికాహ్‌లు జరిగాయి, మస్జిద్‌కు చందాలు అందాయి. మరి తల్లి గిన్నెలు తోమడానికి ఒంటరిగా వెళ్తే పోని ఇజ్జత్, కూతురు చదువు కోసం రెండు నెలలు వెళ్తే పోతుందా?

మహ్రమ్ మస్‌అలాలో ఉలమా మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది. ఒక స్త్రీ హీరా నుంచి బయల్దేరి, అల్లాహ్‌కు తప్ప ఎవరికీ భయపడకుండా కాబా తవాఫ్ చేసే రోజు వస్తుందన్న హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (ర.అ) రివాయత్ బుఖారీలో ఉంది. దారి భద్రంగా ఉంటే వెళ్లొచ్చనే ఉలమా దీన్ని దలీల్‌గా చూపుతారు. ఒప్పుకోని ఉలమా కూడా ఉన్నారు. మీరు నమ్మే ఆలిమ్ సాబ్‌ను అడగండి. అడిగేటప్పుడు కువైట్ సంగతి కూడా కలిపే అడగండి. (చైనా వెళ్లైనా ఇల్మ్ నేర్చుకోమన్న మాటను మాత్రం దలీల్‌గా తేవద్దు. దాని సనద్ నిలవదని ముహద్దిసీన్ ఎప్పుడో తేల్చారు.)

అసలు కూర్చుని మాట్లాడుకోవాల్సింది నమాజ్ వక్తుల గురించి. జూన్‌లో మన దగ్గర ఏడు కాకముందే మగ్రిబ్ అవుతుంది. గ్రిమ్‌స్టాడ్‌లో సూర్యుడు మునిగేది రాత్రి పదిన్నర ప్రాంతంలో, మళ్లీ లేచేది నాలుగున్నర ప్రాంతంలో. ఆ నడుమ ఆరు గంటల్లో ఆకాశం పూర్తిగా నల్లబడదు. ఇషా ఎప్పుడు మొదలైందో, ఫజ్ర్ ఎప్పుడు వచ్చిందో ఆకాశం చూసి చెప్పలేం. ఇంకా ఉత్తరాన ట్రోమ్సోలోనైతే మే మూడో వారం నుంచి జూలై మూడో వారం దాకా సూర్యుడు అసలు అస్తమించడు. దీనికి జవాబు మన దీన్‌లో లేదనుకోకండి. దజ్జాల్ కాలంలో ఒక రోజు ఏడాదంత ఉంటుందని రసూలుల్లాహ్ (స) చెప్పినప్పుడు, ఆ రోజుకు ఒక్క రోజు నమాజ్ చాలా అని సహాబా అడిగారు. చాలదు, అంచనా వేసుకుని చదవండన్నారు. ఈ హదీస్ సహీహ్ ముస్లింలో ఉంది. ఆ అంచనా మీదే కొందరు ఉలమా రాత్రిని భాగాలు చేసి లెక్కిస్తారు, కొందరు వక్తులు తెలిసే దగ్గరి ఊరి టైమ్ తీసుకోమంటారు. అమ్మాయి ఇక్కడుండగానే ఏదో ఒక టైమ్‌టేబుల్ ఖరారు చేసుకుని వెళ్తే మంచిది. అక్కడికెళ్లాక నిద్ర చెడి, ఏ యాప్ నమ్మాలో తెలియక తికమక పడేకంటే అది నయం.

తిండికి నాకంత భయం లేదు. సముద్రం ఒడ్డు ఊరు, చేపకు జబీహా అక్కర్లేదు. వాళ్లు కాడ్ చేపను ఉప్పు కూడా వేయకుండా చలిగాలికి కొయ్యల మీద ఎండబెడతారు. ఎండుచేప వాసన మనకు కొత్తేం కాదు కదా. రొయ్యల దగ్గర మాత్రం మన హనఫీల పాత బహస్ ఉండనే ఉంది, చుట్టూ చెరువులు పెట్టుకుని దాన్ని ఇక్కడే తేల్చలేకపోయాం! మాంసం జోలికి పోకపోతే సగం తలనొప్పి తగ్గుతుంది. పశువును స్పృహ తప్పించకుండా కోయడాన్ని అక్కడి చట్టం ఒప్పుకోదు కాబట్టి, హలాల్ ముద్ర ఉన్నదాని మీదా వాదాలున్నాయి.

నాకు ఫికర్ ఉన్నది తన్హాయి గురించి. ఓస్లోలోనైతే 1970ల నాటికే వచ్చి స్థిరపడ్డ పాకిస్తానీ కుటుంబాలున్నాయి, వీధిలో ఉర్దూ వినపడుతుంది. గ్రిమ్‌స్టాడ్‌లో ఆ భాగ్యం లేదు. దగ్గర్లో ముస్లిం జమాత్ ఉన్న నగరం క్రిస్టియాన్‌సాండ్, యాభై కిలోమీటర్ల లోపే. జుమాకు కాకపోయినా వారానికోసారి బస్సెక్కి నలుగురు బాజీలను కలిసి రావాలని పిల్లకు చెప్పండి. సలాం చెప్పే మనిషి లేకుండా రెండు నెలలంటే చాలా పొడుగు.

ఇక పైసల సంగతి. నార్వే సర్కారీ యూనివర్సిటీల్లో ఒకప్పుడు మన పిల్లలకూ ఫీజు ఉండేది కాదు. 2023 నుంచి యూరప్ బయటి విద్యార్థులకు పెట్టారు. కాలేజీల మధ్య ఒప్పందంతో ఎక్స్ఛేంజ్‌లో వెళ్లేవాళ్లకు ఆ ఫీజు లేదు. కాబట్టి అప్పు కాగితం మీద దస్తఖత్ పెట్టే ముందు మన కాలేజీకి అలాంటి ఒప్పందం ఉందో లేదో ప్రిన్సిపాల్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. 90 రోజుల లోపు ఉండడానికైతే షెంగెన్ వీసా. ఉండడం, తినడం మాత్రం చాలా ఖరీదు. అమ్మీ గాజులు తాకట్టు పెట్టి పంపేటట్టయితే ఈ ఏడాది వద్దు, వచ్చే ఏడు స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టించండి. ‘సమ్మర్ ప్రోగ్రాం’ అని లక్షలు అడిగే ఏజెంట్ ఎవరైనా గుమ్మం ఎక్కితే, ముందు యూనివర్సిటీ నుంచి పిల్ల పేరు మీద వచ్చిన లెటర్ చూపించమనండి.